ఇన్సులిన్ తెచ్చిన భాయ్ గారికి

ఇల్లు కడిగీ కడిగీ చేతులు పడిపోయాయి, బురద వాసన ఇంకా పోలా, అయినా ఇవాళ ఇది రాయకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

సెప్టెంబర్ 1 ఆదివారం పొద్దున బుడమేరు వాగు నీళ్ళు విజయవాడలో మా సింగ్ నగర్ సందులోకొచ్చినప్పుడు అమ్మానాన్నల్ని పైన ఓనర్ వాళ్ళ పోర్షన్‌లోకి ఎక్కించడమే సరిపోయింది, ఫ్రిజ్ కింద మునిగిపోయింది, అమ్మ ఇన్సులిన్ అందులోనే. కరెంట్ లేదు, ఫోన్లు ఆఫ్. మర్నాడు వించిపేట నుంచట, కొంతమంది ముస్లిం కుర్రాళ్ళు గుండెల్లోతు నీళ్ళలో టైర్ ట్యూబుల మీద అన్నం ప్యాకెట్లు తోసుకుంటూ వచ్చారు, వాళ్ళతో ఒక పెద్దాయన. షుగర్ సంగతి చెప్పి మందుల చీటీ కవర్లో చుట్టి కిందికి వదిలా. తిరిగొస్తారని మాత్రం అనుకోలా.

సాయంత్రం ఆ పెద్దాయనే వచ్చారు. నెత్తి మీద స్టీలు ఫ్లాస్కు, తువ్వాలుతో కట్టుకుని. మూత తీస్తే ఐసు ముక్కలు, పైన గుడ్డలో చుట్టిన ఇన్సులిన్. సిరంజిలు విడిగా జేబులో, అవి నేను అడగను కూడా లేదు! డబ్బులు ముట్టుకోలేదు. నమాజ్ టైమైంది, పడమర ఎటమ్మా అన్నారు. నాన్న పొడి లుంగీ ఇచ్చారు. నమాజ్‌కి ముందు కాళ్ళూ చేతులూ మొహం కడుక్కోడానికి, అదే వజూకని, అమ్మ మంచినీళ్ళ బాటిల్ ఇవ్వబోతే "అవి తాగడానికి ఉంచండమ్మా, ఇట్టాంటప్పుడు మాకు వేరే పద్ధతుంది" అని మెట్ల దగ్గర పొడిగోడకి అరచేతులు ఆనించి మొహానికి, చేతులకి రాసుకున్నారు. తయమ్ముమ్ అంటారంట. చుట్టూ అన్ని నీళ్ళుండి, మా అమ్మ తాగే ఒక్క బాటిల్ ఖర్చవకూడదని! ఏడ్చేశా నేను.

"నీ రుణం ఎట్టా తీర్చుకోవాలి నాయనా" అని అమ్మంటే "థ్యాంక్స్ కూడా వద్దమ్మా, అల్లా కోసం చేసింది, లెక్క ఆయన దగ్గరే" అన్నారు. పేరు కూడా చెప్పలేదు. మా ఆఫీసులో అమ్మాయి చెప్పింది, ఖురాన్ 76వ సూరాలో పేదలకి, అనాథలకి, ఖైదీలకి అన్నం పెట్టేవాళ్ళు మీ నుంచి ప్రతిఫలం గానీ కృతజ్ఞత గానీ కోరం అంటారని. సరే భాయ్, మీకు అక్కర్లేదు, నేను చెప్పుకోకపోతే నాకు ఊపిరాడట్లా. మీ ఫ్లాస్కు మా దగ్గరే ఉంది.

అన్నయ్య, వదిన, పిన్ని వాళ్ళు... వాళ్ళకి వేరే చెప్పేదేముంది, మనవాళ్ళే.

కానీ అధికారుల్ని ఒకటి అడగాలి, నీళ్ళొస్తున్నాయని రాత్రే ఒక్క మైకు తిప్పితే ఏం పోయేది? బోట్లన్నీ మెయిన్ రోడ్డు మీదే తిరిగాయి, లోపలి సందుల్లోకి ఎవరొచ్చారు? నష్టపరిహారం కింది పోర్షన్‌కి 25 వేలు, పైవాళ్ళకి 10 వేలు అన్నారు, మేం అద్దెకున్నాం, రాసుకోడానికి వచ్చినప్పుడు ఇంటికి తాళం ఉందని మా పేరే లేదంట, మునిగిన ఇంట్లో తాళం తీసుకుని కూర్చుంటామా. వదిలేయండి, ఈ సోది ఇప్పుడెందుకు.

అయ్యో, పాల ప్యాకెట్లు తాడుతో పైకి పంపిన ఎదురింటి ఆంటీ, మీకు థ్యాంక్స్ చెప్పనే లేదు. ఫైరింజన్ పైపుతో మా గదుల్లో బురదంతా కొట్టిన వాళ్ళకీ, పక్క జిల్లా నుంచొచ్చిన పారిశుధ్య కార్మికులకీ కూడా. ఓనర్ అంకుల్ కూడా, పైకి రానిచ్చింది ఆయనే కదా.