అడిగేవాళ్లకు మన చందాయే అండ

సంపాదకులకు నమస్కారం.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ (ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోగల సాఫ్ట్‌వేర్) సంస్థలకు ఇప్పుడు పెద్ద కంపెనీల డబ్బు బాగానే వస్తోంది, ఇక జనం దగ్గర చందాలు అడగాల్సిన పని లేదు అంటూ గత ఆదివారం మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. రాసినవారు విషయం తెలిసినవారే, మంచి ఉద్దేశంతోనే రాశారు. కానీ ఆ మాట నాకు మింగుడు పడలేదు. నేను మిర్యాలగూడలో పదిహేడేళ్లుగా కేబుల్, ఇంటర్నెట్ కనెక్షన్లు ఇస్తున్నాను. చదివింది ఐటీఐ. సాఫ్ట్‌వేర్ రాయడం రాదు. అయినా ఈ సంగతి ఏడెనిమిది నెలలుగా నా షాపు మూలన గోనె సంచిలో పడి ఉంది కాబట్టి రాస్తున్నాను.

ఆ సంచిలో, దాని పక్కన పేర్చిన అట్టపెట్టెల్లో ఉన్నవి 140 వైఫై రూటర్లు. రెండేళ్ల ఐదు నెలల కింద హైదరాబాద్ డీలర్ దగ్గర ఒక్కొక్కటి 1,150 రూపాయలకు కొన్నాను. ఏడాదిన్నర బాగానే నడిచాయి. తర్వాత సాయంత్రం ఏడు దాటితే చాలు, హ్యాంగ్ అవడం మొదలైంది. స్విచ్ ఆపి వేస్తే పావుగంట నడుస్తుంది, మళ్లీ ఆగిపోతుంది. "అన్నా, మళ్లా నెట్ పోయింది" అని ఒకటే ఫోన్లు. నేనూ మా కుర్రాడూ రాత్రి పదింటి దాకా ఇంటింటికీ తిరిగాం. మేనల్లుడు లాప్‌టాప్ తగిలించి చూసి, లోపలి సాఫ్ట్‌వేర్ మెమరీని వాడుకుని వదలడం లేదు, నిండగానే ఆగిపోతోంది అని తేల్చాడు. కంపెనీకి ఫోన్ చేస్తే, ఆ మోడల్ ఆపేశాం, అప్‌డేట్ రాదు, కొత్తవి తీసుకోండి అన్నారు. డబ్బా బాగుంది, అడాప్టర్ బాగుంది, యాంటెన్నా బాగుంది. కోడ్‌లో ఒకచోట సరిచేస్తే నడిచే వస్తువును తుక్కులో వేయమన్నారు.

అప్పుడు మేనల్లుడే అట్టపెట్టె అడుగున ఉన్న కాగితం తీసి చూపించాడు. నాలుగు మడతలు, చీమ తలకాయంత అక్షరాలు. ముందువైపు వారంటీ. వెనక అట్టడుగున మూడు వాక్యాలు: ఈ పరికరంలో జీపీఎల్ లైసెన్స్ కింద వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉంది, దాని సోర్స్ కోడ్ కావాలంటే మూడేళ్లలోపు రాసి అడగవచ్చు, పంపడానికయ్యే ఖర్చు మాత్రమే తీసుకుంటాం. జీపీఎల్ అంటే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు పెట్టే ఒక లైసెన్స్; సోర్స్ కోడ్ అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు కోడ్, అది ఉంటేనే సాఫ్ట్‌వేర్‌ను సరిచేయగలం. ఇన్నేళ్లలో కొన్ని వేల పెట్టెలు విప్పాను. ఆ కాగితాన్ని ఒక్కసారి చదివిన పాపాన పోలేదు.

ఆ మాట కంపెనీ దయతో రాసింది కాదు. ఆ రూటర్ లోపల నడిచేది లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్. లినస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టి, మరుసటి ఏడాదే జీపీఎల్ కిందికి తెచ్చిన సాఫ్ట్‌వేర్. దాన్ని ఎవరైనా పైసా కట్టకుండా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, తమ డబ్బాలో పెట్టి అమ్ముకోవచ్చు. షరతు ఒకటే: నువ్వు పొందిన హక్కులు నీ దగ్గర కొన్నవాడికీ ఇవ్వాలి. అంటే సోర్స్ కోడ్ ఇవ్వాలి. దాన్ని కంపైల్ చేసి (యంత్రం నడపగలిగే రూపంలోకి మార్చి) ఎక్కించడానికి వాడే స్క్రిప్టులు, అంటే ఆదేశాల ఫైళ్లు కూడా ఇవ్వాలని 1991 నాటి జీపీఎల్ రెండో వెర్షన్‌లోనే రాసి ఉంది. చాలామంది దీన్ని ఫ్రీ అంటే ఉచితం అనుకుంటారు. ఉచితం సంగతి పక్కన పెట్టండి, నేను డబ్బు పెట్టి కొన్న వస్తువును నేనే బాగుచేసుకునే స్వేచ్ఛ అది.

మెయిల్ పెట్టాను, జవాబు లేదు. రెండోది పెట్టాను, లేదు. మూడోదానికి నలభై రోజుల తర్వాత ఒక జిప్ ఫైలు వచ్చింది. మేనల్లుడు రెండు రాత్రులు కూర్చున్నాడు. మామూలు లినక్స్ కోడ్ ఉంది, బిజీబాక్స్ అనే ప్రోగ్రాముల మూట ఉంది, వాటిని కలిపి రూటర్‌లోకి ఎక్కించే స్క్రిప్టులు మాత్రం లేవు. బియ్యం, పప్పు ఇచ్చి పొయ్యి దాచుకున్నట్టు. తెలిసిన వకీలును అడిగితే, ఇది కాపీరైట్ వ్యవహారం, కోడ్ రాసినవాళ్లు వేయాల్సిన కేసు, కొన్నవాడిగా నువ్వు వేస్తే నిలబడటం కష్టం అన్నాడు. ఆ రాసినవాళ్లు ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉన్నారు. ఎవరో ఒకరు వాళ్ల తరఫున, నా తరఫున అడగాలి.

అడిగితే ఏమవుతుందో నాకు పనిలో తెలుసు. 2003లో లింక్‌సిస్ కంపెనీ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే రూటర్‌లో లినక్స్ ఉందని బయటపడింది. గట్టిగా అడిగితే సోర్స్ విడుదల చేశారు. దాని మీదే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే రూటర్ల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పుట్టింది. ఈరోజు అది ఎన్నో కంపెనీల రూటర్ల మీద నడుస్తుంది. నేను దాన్ని ఎక్కించి బతికించిన పాత రూటర్లు మిర్యాలగూడలో, హాలియాలో ముప్పై దాకా ఉన్నాయి. కరోనా లాక్‌డౌన్‌లో కొత్త సరుకు దొరకనప్పుడు మా వీధి పిల్లల ఆన్‌లైన్ క్లాసులు వాటి మీదే నడిచాయి.

ఆ అడిగే పని చేస్తున్న సంస్థల్లో ముఖ్యమైనది అమెరికాలోని సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్జర్వెన్సీ. 2006లో పెట్టారు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ కూడా దాని నీడలోనే ఉంది. కన్జర్వెన్సీని నడిపిస్తున్న కేరెన్ శాండ్లర్ గుండెలో డీఫిబ్రిలేటర్ అమర్చారు. తన గుండెకు కాపలా కాసే యంత్రంలోని సోర్స్ కోడ్ చూపించమని ఆమె కంపెనీలను అడిగారు, చూపించలేదు. ఈ పనిని ఆమె ఎందుకు పట్టుకుని వదలరో అది చదివాక నాకు అర్థమైంది. వీళ్లు డబ్బు గుంజడానికి కేసులు వేసేవాళ్లు కాదు. కోర్టు చివరి మెట్టు, ముందు మాటలతో సరిచేయించాలి, డబ్బు కన్నా లైసెన్స్ పాటించడమే ముఖ్యం అని 2015లో, జీపీఎల్ రాసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌తో కలిసి సూత్రాలు రాసుకున్నారు.

అదే 2015 మార్చిలో క్రిస్టఫ్ హెల్‌విగ్ అనే లినక్స్ డెవలపర్ జర్మనీలోని హాంబర్గ్ కోర్టులో, లినక్స్ కోడ్ వాడుకుని సోర్స్ ఇవ్వలేదని వీఎంవేర్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ మీద కేసు వేశాడు. ఖర్చు కన్జర్వెన్సీ పెట్టుకుంది. తర్వాత ఏమైందో మీ వ్యాసకర్త గమనించాలి. ఆ కేసుకు అండగా నిలిచినందుకు తమకు రావాల్సిన నిధులు కొన్ని ఆగిపోయాయని సంస్థే చెప్పింది. ఆ ఏడాది చివర్లో వాళ్లు జనాన్ని అడిగారు: ఏడాదికి 120 డాలర్లు ఇచ్చేవాళ్లు 750 మంది ఉంటే మామూలు పనులు సాగుతాయి, 2,500 మంది ఉంటే లైసెన్స్ అమలు పని కూడా సాగుతుంది, లేదంటే దాన్ని పక్కన పెట్టాల్సి వస్తుంది అని. హాంబర్గ్ కేసు 2016లో ఒకసారి, 2019లో అప్పీలులో ఒకసారి ఓడిపోయింది. కోడ్‌లో ఏ ముక్క ఎవరిదో రుజువు చేసే దగ్గరే ఆగిపోయింది. ఓడిపోయే కేసుకు కూడా డబ్బు పెట్టగలగాలి. ఏ కంపెనీ బోర్డు అలాంటి దానికి సంతకం పెడుతుంది?

మా తాత నకిరేకల్ వైపు ఒక ఊరి చెరువుకు నీరటి. తూము దించడం, ఎత్తడం, ఏ కాలువకు ఎన్ని గంటలు నీళ్లు వదలాలో చూడటం ఆయన పని. ఆయనకు నెల జీతం లేదు. కోతలయ్యాక కల్లాల దగ్గరికి వెళ్తే ఆయకట్టు కింద ఉన్న ప్రతి రైతూ మేర కొలిచేవాడు. ఎకరం ఉన్నవాడు కొంచెం, పదెకరాలవాడు ఎక్కువ, కానీ అందరూ. అమ్మ చెప్పేది: ఒక ఏడు ఊరి పెద్ద కబురు పెట్టాడట, నీకు ఏడాది గింజలన్నీ మా గాదె నుంచే ఇస్తాం, కల్లం కల్లం తిరగడం ఎందుకు అని. తాత వద్దన్నాడు. ఆ గింజలు తిన్నాక, చివరి మడికి నీళ్లందని రోజున ఆ పెద్దాయన పొలం కాలువ మూయడానికి చెయ్యి లేవదు కదా అన్నాడట. ఆ పెద్దాయన చెడ్డవాడని ఎవరూ అనలేదు.

లైసెన్స్ పాటించమని అడిగే సంస్థ కూడా నీరటి లాంటిదే. రేపు ఎవరి తలుపు తట్టాల్సి వస్తుందో ముందు తెలియదు. ఈరోజు స్పాన్సర్ చేసిన కంపెనీయే రేపు టీవీలోనో, రూటర్‌లోనో, కారులోనో లినక్స్ పెట్టి సోర్స్ ఇవ్వకుండా అమ్మవచ్చు.

ఇంకో సంగతి. లినక్స్ ఫౌండేషన్ పేరు వినగానే అందరూ దాన్ని ధర్మసంస్థ అనుకుంటారు. అమెరికా పన్ను చట్టం లెక్కలో అది వ్యాపార సంఘం, మా ఊళ్లో రైస్ మిల్లర్ల అసోసియేషన్ లాంటిది. అందులో తప్పేం లేదు, మిల్లర్లకు సంఘం ఉండాలి. కానీ వడ్ల తూకంలో తేడా వస్తే రైతు మిల్లర్ల అసోసియేషన్‌కు వెళ్లి ఫిర్యాదు చేయడు. వ్యక్తిగత సభ్యులు బోర్డులోకి తమ ప్రతినిధులను ఎన్నుకునే హక్కును కూడా ఆ ఫౌండేషన్ 2016లో తీసేసింది.

కంపెనీల డబ్బే వద్దని నేను అనను. లినక్స్ రాసేవాళ్లలో ఎక్కువమంది ఈరోజు కంపెనీల్లో జీతం తీసుకునేవాళ్లే. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడ్డప్పుడు, ప్రపంచంలో ఎన్నో వెబ్‌సైట్లు భద్రత కోసం ఆధారపడిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే సాఫ్ట్‌వేర్‌కు ఏడాదికి 2,000 డాలర్లు మాత్రమే విరాళాలు వస్తున్నాయని తెలిసింది. జనం కూడా ఇవ్వలేదు, అది మన తప్పే. ఆ తర్వాత కంపెనీలే కలిసి నిధి పెట్టాయి. మన దేశంలో షేర్ల వ్యాపారం నడిపే జెరోధా కంపెనీ 2024లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం ఫ్లాస్ ఫండ్ పెట్టి ఏడాదికి పది లక్షల డాలర్లు ఇస్తామంది, సంతోషం. కోడ్ రాయడానికి, సర్వర్లకు, మీటింగులకు ఆ డబ్బు రావాలి. నేను పట్టుబట్టేది ఒక్క చోటే: లైసెన్స్ ప్రకారం సోర్స్ ఇవ్వమని నిలదీసే పని ఖర్చు మాత్రం మనలాంటి వాళ్ల చిన్న చిన్న చందాల మీద నడవాలి. ఏ కంపెనీ ఇచ్చినా, ఆ ఒక్కటి మానేస్తే ఆ పని ఆగిపోయేంత వాటా దానిది కాకూడదు.

మన వంద, రెండొందలు ఏ మూలకని అడుగుతారు. జర్మనీలో ఒకతను ఏవీఎం కంపెనీ రూటర్ కొన్నాడు. అతనికీ నాలాగే సగం సోర్స్ పంపారు. కన్జర్వెన్సీ ఖర్చు పెట్టుకుంది, 2023లో కేసు పడింది. కంపెనీ మిగిలిన స్క్రిప్టులు కూడా ఇచ్చింది. 2021 అక్టోబరులో కాలిఫోర్నియాలో విజియో టీవీల మీద వేసిన కేసులో కన్జర్వెన్సీ కోడ్ రాసినవాళ్ల తరఫున కాకుండా, టీవీ కొన్న మనిషిగా నిలబడింది. మా వకీలు నిలబడటం కష్టమన్న మాటే అక్కడ కోర్టు ముందుకు వెళ్లింది. కొన్నవాడికి అడిగే హక్కు గట్టిపడితే నా లాంటి వాళ్లకు అంతకన్నా ఏం కావాలి?

నేనూ, హుజూర్‌నగర్‌లో ఒకరు, దేవరకొండలో ఒకరు, ముగ్గురు ఆపరేటర్లం కలిసి ఈ ఏడాది 120 డాలర్లు కట్టాం. మనిషికి మూడున్నర వేల చిల్లర. ఇక్కడ పన్ను మినహాయింపు కూడా రాదు. నల్లగొండ, పాలమూరు జిల్లాల నుంచి వెళ్లి మాదాపూర్‌లో, గచ్చిబౌలిలో, అమెరికాలో పనిచేస్తున్న పిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్ల జీతం లినక్స్ మీదే నడుస్తోందని వాళ్లకు నాకన్నా బాగా తెలుసు. నెలకు ఒక బిర్యానీ డబ్బు ఇవ్వమని అడుగుతున్నాను. విదేశీ సంస్థకు ఇవ్వడం ఇష్టం లేకపోతే హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ ఉంది, తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చినవాళ్లు, వాళ్లకు ఇవ్వండి. అయితే ఇచ్చేటప్పుడు ఒక మాట అడగండి: లైసెన్స్ ఉల్లంఘన మీద ఇక్కడ ఎవరు ఉత్తరం రాస్తారు, ఎవరు కోర్టుకు వెళ్తారు అని. ఆ పని చేసేవాళ్లు మన దగ్గరా తయారు కావాలి.

నాలుగో మెయిల్ నిన్న రాత్రి పంపాను. ఈసారి ఏ స్క్రిప్టులు లేవో మేనల్లుడు వరుసగా రాసిచ్చాడు, ఆ నాలుగు మడతల కాగితం ఫొటో కూడా జత చేశాను. దాని ప్రకారం గడువు ఇంకా ఏడు నెలలు ఉంది.

ఇట్లు,
ఒక ఇంటర్నెట్ ఆపరేటర్,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా