పాప బరువు తూస్తారు, తల్లినీ పలకరించండి

సంపాదకులకు,

మా పాపకు మూడో నెల. చూడవచ్చిన వాళ్లంతా అడిగేవి "పాలు సరిపోతున్నాయా?", "రాత్రి నిద్రపోతోందా?" అనే. రెండూ పాప గురించే. సిజేరియన్ కుట్లు లాగుతుంటే, చనుమొనలు పగిలి మండుతుంటే, పాప పాలకు ఏడ్చినప్పుడల్లా నాకు భయం వేసేది. ఆ మాట పైకి అంటే మా అత్తమ్మ "మేం కనలేదా?" అన్నారు. కన్నారు, నిజమే. ఆమెనూ అప్పట్లో ఎవరూ అడిగి ఉండరు. పైగా పథ్యమంటూ మంచినీళ్లు కూడా కొలిచి ఇచ్చారు. పాలిచ్చే మనిషికి దాహం ఎంత వేస్తుందో!

కాన్పయిన కొత్తలో ఊరికే ఏడుపు రావడం మామూలేనట. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే మాత్రం అది చికిత్స ఉన్న జబ్బు. ఈ సంగతి మా ఆస్పత్రిలో ఎవరూ చెప్పలేదు. డిశ్చార్జి కాగితాల్లో పాప టీకాల తేదీలు మాత్రం వరసగా రాసిచ్చారు.

ఆస్పత్రి కాన్పు తర్వాత 42 రోజుల్లోపు ఆశా కార్యకర్త ఆరుసార్లు ఇంటికి రావాలి. మా ఆశా అక్క పాపం ఎండనపడి వచ్చి పాపను తూచి వెళ్లేది. "నువ్వెలా ఉన్నావమ్మా, నిద్ర పడుతోందా?" అని తల్లినీ అడిగేలా వాళ్లకు శిక్షణ ఇవ్వాలి. దిగులుగా ఉన్నప్పుడు ఫోన్ చేసి సాయం అడిగే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీమానస్ నంబరు 14416 ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. దాన్ని తల్లీబిడ్డల కార్డు మీద పెద్ద అక్షరాలతో అచ్చు వేయించాలి. మీరూ మహిళల పేజీలో వేయండి.

– ఓ బాలింత, ఖమ్మం