సమ్మయ్యకు, ఆ పదకొండు సెకన్ల గురించి

హనుమకొండ,
15 డిసెంబర్ 2024

ప్రియమైన సమ్మయ్యా,

ఆ రోజు ఫోనులో నువ్వు అడిగినదానికి నేను సరిగా జవాబు చెప్పలేదు. "అమ్మకు ఏమీ కాలేదు కదా" అని రెండుసార్లు అడిగావు. మూడోసారి, "ఎక్కడో ఢిల్లీలో ఉన్నవాళ్లకు మన ములుగు అడవిలోనే భూకంపం వచ్చిందని అంత తొందరగా ఎలా తెలిసిందిరా?" అన్నావు. అప్పటికి నాకే గుండెదడ తగ్గలేదు. ఇవాళ ఆదివారం, తీరిక దొరికింది. సూరత్‌లో మగ్గాల చప్పుడు లేని వేళ చూసుకుని నిదానంగా చదువు.

4వ తేదీ ఉదయం 7 గంటల 27 నిమిషాలకు నేను వంటింట్లో టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాను. ముందుగా స్టాండులో పళ్లేలు సన్నగా గలగలలాడాయి. వీధిలో లారీ ఏదో పోతోందనుకున్నాను. రెండు గుటకలు టీ కూడా తాగాను. అప్పుడు ఊగింది ఇల్లు, అటూ ఇటూ. బిందెలో నీళ్లు ఒక అంచుకు ఎగబాకి, మళ్లీ రెండో అంచుకు పోయాయి. మంచం మీద నుంచి పాప "నాన్నా!" అని అరిచింది. ఇంట్లో వాళ్లిద్దరినీ తీసుకుని మెట్లు దిగేసరికి వీధి వీధంతా బయటే ఉంది.

ఆ పళ్లేల గలగల ఒకటి, ఆ ఊపు వేరొకటి. నీ ప్రశ్నకు జవాబు ఆ రెండింటి మధ్యే ఉంది. ఇరవై ఏళ్లుగా పిల్లలకు ఈ పాఠం చెబుతున్నవాణ్ని, అది నా కాళ్ల కింద నుంచే పోతుంటే సెకన్లు లెక్కపెట్టలేదు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంది.

లోపల రాయి పగిలినప్పుడు రెండు రకాల తరంగాలు ఒకేసారి బయలుదేరుతాయి. మొదటివి ప్రాథమిక తరంగాలు, పీ తరంగాలంటారు. ఇవి రాతిని తాము సాగే దారిలోనే ముందుకూ వెనక్కూ నొక్కుతూ వస్తాయి. రెండోవి ఎస్ తరంగాలు. బావి మోకు ఒక కొస పట్టుకుని విదిలిస్తే అల ఎలా పోతుందో అలా, రాతిని పక్కలకు ఊపుతూ వస్తాయి. భూమి పైపొరలోని గట్టి రాతిలో పీ తరంగం సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు పోతుంది, ఎస్ తరంగం సుమారు 3.5. మన దేశంలో ఈ పాఠానికి పాత చుట్టరికం ఉంది. 1897 జూన్ 12న అస్సాంలో వచ్చిన పెద్ద భూకంపాన్ని పరిశోధించిన రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్ అప్పట్లో మన భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థలోనే పనిచేసేవాడు. దూరదేశాల పరికరాల్లో పడిన గీతలను చూసి, ఈ రెండూ వేర్వేరుగా వస్తాయని తేల్చింది ఆయనే.

ఇప్పుడు నీకు తెలిసిన దారిలో చెబుతాను. ఏటూరునాగారం వైపు నుంచి హనుమకొండకు ఒక ఎక్స్‌ప్రెస్, ఒక పల్లెవెలుగు ఒకే నిమిషంలో బయలుదేరాయనుకో. ఎక్స్‌ప్రెస్ గంటకు 60 కిలోమీటర్లు, పల్లెవెలుగు 35. నేను బస్టాండులో కూర్చున్నాను. అవి ఎప్పుడు బయలుదేరాయో, ఏ ఊరి నుంచి వస్తున్నాయో నాకు తెలియదు. ఎక్స్‌ప్రెస్ వచ్చిన సరిగ్గా గంటకు పల్లెవెలుగు వచ్చింది. అంతే, అవి 84 కిలోమీటర్ల అవతల నుంచి వచ్చాయని చెప్పేయవచ్చు. కావాలంటే కాగితం మీద వేసి చూసుకో, ఒకదానికి గంటా 24 నిమిషాలు పడుతుంది, ఇంకోదానికి రెండు గంటల 24 నిమిషాలు. బయలుదేరిన వేళ తెలియకుండానే దూరం తెలిసిపోవడం ఉంది చూశావూ, ఈ పాఠంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే.

భూకంపానికీ ఇదే లెక్క, గంటల బదులు సెకన్లు. రెండు తరంగాల మధ్య ఒక్కో సెకను తేడాకు 8.4 కిలోమీటర్లు. చిన్నప్పుడు పొలం గట్టున మీ బాపు మెరుపుకూ ఉరుముకూ మధ్య అంకెలు లెక్కపెట్టించి, మూడింటికొక కిలోమీటరు అనేవారు, గుర్తుందా? దాని అన్నదమ్ముడే ఇది. నేల కదలికను గీతగా రాసే యంత్రం, భూకంపలేఖిని, గీసిన గీతలో మొదటి చిన్న వణుకు ఎక్కడ మొదలైంది, పెద్ద ఊపు ఎక్కడ మొదలైంది అని చూస్తారు. లోతుకు పోయేకొద్దీ తరంగాల వేగం పెరుగుతుంది కాబట్టి, దూరాలు ఎక్కువైతే ఈ 8.4 చాలదు, అందుకు వేరే పట్టికలు ఉంటాయి.

అయితే ఒక్క చోటి గీత దూరమే చెబుతుంది, దిక్కు చెప్పదు. కాబట్టి కనీసం మూడు చోట్ల చుట్టూ ఆ దూరాలతో వృత్తాలు గీయాలి, అవి కలిసే చోటే భూకంపం వచ్చిన చోటు. నేనూ గీశాను. ఢిల్లీలోని జాతీయ భూకంప విజ్ఞాన కేంద్రం ప్రకటించిన స్థానాన్ని పెట్టుకుని, వెనక నుంచి లెక్క వేశాను. తీవ్రత 5.3, లోతు 40 కిలోమీటర్లు. హనుమకొండ నుంచి రాళ్లలో నేరుగా సుమారు 96 కిలోమీటర్లు. అంటే నా పళ్లేలు గలగలలాడాక ఇల్లు ఊగడానికి పదకొండు సెకన్లకు పైనే పట్టి ఉండాలి. హైదరాబాదుకు చూస్తే సుమారు 223 కిలోమీటర్లు, 26 సెకన్లు. విజయవాడకూ దాదాపు అంతే వచ్చింది! అంత సమానంగా ఉంటుందని నేను ఊహించలేదు, మళ్లీ స్కేలు పెట్టి చూశాను.

మ్యాపు మీద సూదికి దారం కట్టి, పెన్సిలుతో మూడు వృత్తాలూ తిప్పాను. అవి ఒక్క చుక్క దగ్గర కలవలేదు. ఒకదాని మీదికి ఒకటి కొంచెం ఎక్కి, మధ్యలో చిన్న ముక్కోణం లాంటి చోటు మిగిలింది. ఎందుకంటే నేను కొలిచింది నేల మీద దూరం కాదు, 40 కిలోమీటర్ల అడుగున రాయి పగిలిన చోటు, అంటే నాభి, దాకా ఏటవాలు దూరం. వృత్తాలు అలా ఒకదానిలోకి ఒకటి దూరాయంటేనే కింద లోతు ఉందని అర్థం.

ఈ లోతు సంగతి నాకు బాగా ఎక్కించింది మీ అమ్మ. మొన్న ఆమెతో మాట్లాడాను. "గుడుగుడుమని మోత వినబడింది బిడ్డా, పొయ్యి దగ్గర నుంచి లేచి వాకిట్లోకి ఐదారు అడుగులు వేశానో లేదో, నేల ఊగింది" అన్నది. అడుగుకు సెకను చొప్పున ఐదు సెకన్లు వేసుకున్నాను. ఐదు సెకన్లంటే 42 కిలోమీటర్లు. మ్యాపు మీద మీ ఇల్లు ఆ స్థానానికి 13 కిలోమీటర్లే. మొదట ఆమె లెక్క తప్పేమో అనుకున్నాను. తర్వాత కాగితం మీద లంబకోణ త్రిభుజం గీశాను. అడ్డంగా 13, నిలువుగా 40. కర్ణం 42! పెద్దమ్మ అడుగులే నిజం చెప్పాయి.

భయపడవద్దని నీకు చెప్పను. మన గోదావరి లోయ కిందే పాతకాలపు పగుళ్లు ఉన్నాయి. సింగరేణి బొగ్గు పుట్టింది ఆ పల్లంలోనే. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర వచ్చినది 5.7. రోజూ వచ్చేవి కావు, అలాగని ఇక రావనీ కాదు. అందుకే మీ వంటింటి వెనక గోడకు పగులు ఉందని ఆమె చెబితే మేస్త్రీని మాట్లాడి పెట్టాను, వచ్చే గురువారం వెళతాడు. డబ్బు సంగతి తర్వాత చూద్దాం.

మ్యాపు ఇందులోనే మడిచి పెట్టాను. నల్ల వృత్తాలు మూడూ నేను గీసినవి. మీ ఇంటి చుట్టూ ఎర్ర సిరాతో ఉన్నది అమ్మది.

నీ
మల్లేశం