చప్పుడు తగ్గింది, చేతుల తిమ్మిరి తగ్గలేదు

సంపాదకులు గారికి,

నమస్కారం. మా దమ్మపేట, అశ్వారావుపేట వైపు జామాయిల్ తోటల్లోకి ఇప్పుడు చెట్లు కోసే బ్యాటరీ గొలుసు రంపాలు వస్తున్నాయి. పెట్రోలు మిషన్ రొదకు అలవాటుపడ్డ చెవికి అవి పనిచేస్తున్నట్టే అనిపించదు. పొగ లేదు, తాడు లాగి లాగి స్టార్టు చేసే తిప్పలు లేవు, మీట వదలగానే తోటంతా నిశ్శబ్దం. మంచి మిషన్లే, వద్దని నేను అనను. కానీ "చప్పుడు లేదు, అదురు లేదు, రోజంతా కోసుకోవచ్చు" అని అమ్మేవాళ్లు చెప్పిన మాట నమ్మి మా ఇంట్లోనే నష్టపోయాం. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది ఎనిమిది మంది ముఠా. కాటా చీటీలు, కూలి లెక్కలు నేను చూస్తాను. మిషన్ పట్టేది మా పెద్దన్న, పదమూడేళ్లుగా ఆయనే. పోయిన చలికాలం ఒక పొద్దున చొక్కా గుండీలు పెట్టుకోలేక వదినను పిలిచాడు. మేమంతా నవ్వాం. వారం తిరక్కుండానే చేతిలో టీ గ్లాసు జారి పడింది. "వేళ్లు ఉన్నాయో లేవో తెలియట్లేదురా" అన్నాడు. అప్పుడు నవ్వు రాలేదు. రాత్రిళ్లు తిమ్మిరితో లేచి మంచం మీద కూర్చుని చేతులు విదిలించుకునేవాడు. షుగర్ పరీక్ష చేయించాం, లేదన్నారు. మెడ నరం అని పట్టీ ఇచ్చారు. ముగ్గురు డాక్టర్లకు చూపించాం. నువ్వు చేసే పనేమిటని మొదటి ఇద్దరూ అడగలేదు. మూడో ఆయన అడిగాడు, వేళ్లు ఒక్కొక్కటే నొక్కి చూశాడు, ఇది మిషన్ అదురు వల్ల వచ్చిందని చెప్పాడు.

అదురు చేతికి రోజూ గంటల తరబడి తగులుతుంటే వేళ్లలోని సన్నటి నరాలు, రక్తనాళాలు దెబ్బతింటాయి. చలి దేశాల్లో వేళ్లు సున్నంలా తెల్లబడతాయి, చూడగానే తెలిసిపోతుంది. మన ఎండల్లో అలా తెల్లబడటం అరుదు. తిమ్మిరి, మొద్దుబారడం, పట్టు తగ్గడం, ఇవే కనిపిస్తాయి. అవి షుగర్ ఖాతాలోనో, మెడ ఖాతాలోనో, వయసు ఖాతాలోనో పడిపోతాయి. ముదిరాక పోయిన స్పర్శ పూర్తిగా తిరిగి రాదు. బీడీ తాగేవాళ్లకు రక్తనాళాలు ఇంకా ముడుచుకుంటాయి. మా ముఠాలో బీడీ తాగనిది ఇద్దరమే.

అన్న చేతులకు పాత పెట్రోలు మిషన్ చేసిన చెరుపే ఎక్కువ, అందులో అనుమానం లేదు. మరి కొత్తది వచ్చాక తగ్గాల్సిన తిమ్మిరి ఎందుకు పెరిగింది? లెక్కల పుస్తకం తిరగేస్తే నాకే అర్థమైంది. పెట్రోలు మిషన్‌కు అరగంటకో ముప్పావు గంటకో ట్యాంకు అయిపోయేది. ఇంజను చల్లారేదాకా ఆగి, ఆయిల్ కలిపి, నింపి, ఓ బీడీ కాల్చి మళ్లీ మొదలుపెట్టేవాళ్లు. చేతులకు దొరికిన విశ్రాంతి అదే. ఇప్పుడు నిమిషంలో బ్యాటరీ మారిపోతుంది. టన్ను లెక్కన కూలి కాబట్టి ఎవరూ ఆగరు. రోజుకు మూడు గంటలు మిషన్ పట్టిన మనిషి ఐదు గంటలు పట్టాడు.

మిషన్ పెట్టెలో వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది. మా అమ్మాయి చదివి చెప్పింది: అదురు 3.5 (సెకను వర్గానికి మీటర్లలో, అదురును కొలిచే లెక్క అదే), చెవి దగ్గర శబ్దం 94 డెసిబెళ్లు. యూరప్ దేశాల్లో 2002 నుంచి ఒక నిబంధన ఉంది. ఎనిమిది గంటల పనిదినానికి సర్ది చూస్తే అదురు 2.5 దాటిన రోజు యజమాని చర్య తీసుకోవాలి, 5 దాటకూడదు. ఆ లెక్కన 3.5 అదురుండే మిషన్‌ను నాలుగు గంటలు పట్టుకుంటేనే మొదటి గీత దగ్గరికి వచ్చేస్తాం. ఇక శబ్దం. మన ఫ్యాక్టరీ నిబంధనల్లో ఎనిమిది గంటలకు 90 డెసిబెళ్లు హద్దు. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే సంస్థ 85 అంటుంది, ఆపైన ప్రతి 3 డెసిబెళ్లకు సమయం సగానికి తగ్గించమంటుంది. అంటే 94 దగ్గర ఒక్క గంట. చప్పుడే లేదనుకున్న మిషన్ సంగతి ఇది! పెట్రోలు మిషన్ వంద దాటి అరిచేది కాబట్టి ఇది మనకు నిశ్శబ్దంలా తోస్తుంది, అంతే. అలా తోచబట్టే పాత మిషన్‌తో చెవులకు దూది అయినా పెట్టుకునే మా కుర్రాళ్లు ఇప్పుడు అదీ మానేశారు.

పుస్తకంలోని అంకె కొత్త మిషన్‌ది, పదునైన గొలుసుది. గొలుసు పదునుగా ఉంటే కర్ర పెచ్చులు పెచ్చులుగా పడుతుంది. మొద్దుబారితే పిండిలా రాలుతుంది, మనిషి ఒళ్లంతా మోపి నొక్కాలి, అదురు మోచేతి దాకా పాకుతుంది. కాళ్ల దగ్గర పిండి కనబడితే మిషన్ ఆపి ఆకురాయి తీయాలి. ఈ సంగతి మా అన్నకు తెలుసు. సాయంత్రం లారీ నిండాలన్న తొందరలో ఆపడు.

దీనికి దారి లేకపోలేదు. ఫిన్లాండ్‌లో సువోముస్సల్మి అనే ప్రాంతంలో 1972లో రంపం పట్టే అడవి కూలీల్లో నూటికి నలభై మందికి వేళ్లు తెల్లబడే జబ్బు ఉండేది. 1990 నాటికి అది ఐదుకు దిగింది. అదురు పిడికి పాకకుండా మిషన్ల తయారీనే మార్చారు, 14 ఉన్న అదురు 2కు తగ్గింది. జపాన్‌లో 1975లోనే కార్మిక శాఖ ఒక మనిషి రోజుకు రెండు గంటలకు మించి రంపం పట్టకూడదని చెప్పింది. అక్కడా చెట్లే, అక్కడా కూలీలే.

మన దగ్గర 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లో, తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలపాల్సిన 29 జబ్బుల జాబితా ఉంది. శబ్దం వల్ల వచ్చే చెవుడు అందులో ఉంది, అదురు వల్ల వచ్చే చేతి జబ్బు లేదు. పైగా ఆ కోడ్ మామూలుగా పదిమంది, అంతకు మించి పనిచేసేచోటికే. మేం ఎనిమిది మందిమి. పాత నష్టపరిహార చట్టం బదులు వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లో తాటిచెట్టు గీసేవాళ్లతో పాటు చెట్లు నరికేవాళ్లూ ఉన్నారు. చెట్టు మీద పడితే ఆ కాగితం పనికొస్తుంది. పదమూడేళ్లకు మెల్లగా మొద్దుబారిన వేళ్లకు ఏ తేదీ వేసి అర్జీ పెట్టాలి?

చెవులకు మఫ్‌లు కొని ఇచ్చాను. పెట్టుకుంటే చెట్టు విరిగే చిటపట వినబడదని కుర్రాళ్ల భయం. అది నిజమైన భయమే, ఆ చప్పుడే ఎందరి ప్రాణాలో కాపాడింది. అందుకని పక్కన ఒక మనిషిని ఎర్ర తువ్వాలుతో నిలబెడుతున్నాం. పోయిన నెల నుంచి మిషన్‌ను ముగ్గురం వంతులు వేసుకున్నాం, ఎవరి చేతిలోనూ రోజుకు రెండు గంటలు దాటదు. నేనూ పడుతున్నాను. చెయ్యి తిరగని ఇద్దరం కాబట్టి టన్నులు తగ్గాయి, కూలి తగ్గింది. ఈ తగ్గుదలను కూలివాడొక్కడే భరించడం న్యాయం కాదు.

రాష్ట్ర అటవీ అభివృద్ధి సంస్థకు మా జిల్లాలో వేల ఎకరాల జామాయిల్ ఉంది. కోత టెండర్లు పిలిచేది వాళ్లే. మనిషికి రోజుకు రెండు గంటలే మిషన్ అని, ముఠా మొత్తానికి చెవి మఫ్‌లు కాంట్రాక్టరే ఇవ్వాలని ఆ కాగితంలో రాస్తే, దానికి తగ్గట్టు టన్ను రేటు పెంచితే, ప్రైవేటు తోటల వాళ్లూ అదే దారి పడతారు. మిషన్ పెట్టె మీద అదురు, శబ్దం అంకెలు తెలుగులో ఉండాలి. ఏడాదికోసారి ఏరియా ఆసుపత్రిలో మాకు చెవి పరీక్ష, వేళ్ల పరీక్ష చేయించాలి. తిమ్మిరని వచ్చిన ప్రతి మనిషినీ "ఏ మిషన్ పడతావు?" అని అడగమని డాక్టర్లకు చెప్పాలి. వచ్చే కోతల టెండరు పిలిచేలోపే కార్మిక శాఖ, అటవీ అభివృద్ధి సంస్థ కూర్చుని ఇది తేల్చాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక జామాయిల్ కోత ముఠా సభ్యుడు,
దమ్మపేట మండలం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా