పిల్లల సెలవుల క్లబ్బుల తనిఖీ అధికారికి బహిరంగ లేఖ

అధికారి గారూ,

బడి అయ్యాక, సెలవుల్లో పిల్లల్ని చూసుకునే క్లబ్బులకి తనిఖీకి వెళ్లినప్పుడు రిజిస్టర్లు చూసి వచ్చేయకండి. మా పాప వెళ్లే చోట కాగితాల మీద అంతా బాగానే ఉంది, కానీ సాయంత్రం అయ్యేసరికి ఐదేళ్ల వాళ్లనీ పన్నెండేళ్ల వాళ్లనీ ఒకే గదిలో కూర్చోబెట్టి టీవీ పెట్టేస్తారు, సిబ్బంది తరచూ మారిపోతుంటారు, కొత్తగా వచ్చినవాళ్లకి ఏ బిడ్డకి ఏ తిండి పడదో తెలియదు. నాకు అన్నిటికంటే టెన్షన్ ఇదే. తీవ్రమైన అలర్జీ నిమిషాల్లో ప్రాణం మీదికి తెస్తుంది, అప్పుడు ఫైలు వెతుక్కునే టైం ఉండదు. ఇలాంటి చోట్ల సిబ్బంది సంఖ్య, అర్హత, పర్యవేక్షణ ప్రమాణాల ప్రకారం ఉండేలా ప్రభుత్వాలే చూడాలని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం 3వ అధికరణంలోనే ఉంది. ముందు చెప్పకుండా సాయంత్రం పూట రండి, పిల్లలతో మాట్లాడండి, మీరు చూసింది తల్లిదండ్రులకి చెప్పండి.