కూపర్ దీవి పక్షుల గొడవ

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్‌లో నువ్వన్న మాటకి జవాబు మొదలుపెడితే అరగంట పడుతుందని ఊరుకున్నాను. "ధ్రువాల్లో చలి తగ్గితే అక్కడి పక్షులకి హాయే కదరా, దానికెందుకింత గోల?" అన్నావు. నిజం చెప్పాలంటే నీ మాటలో న్యాయముంది. ఒకచోట కొన్నేళ్లపాటు అచ్చం అలాగే జరిగింది. ఆ తర్వాత ఏమైందో చెప్పాలనే ఈ ఉత్తరం. మీ చెల్లెలు పుట్టింటికెళ్లింది, టీవీ గోల లేదు, టీ నేనే పెట్టుకున్నాను. నువ్వూ తీరిగ్గా కూర్చుని చదువు.

అమెరికాలో అలాస్కాకి ఉత్తరపు కొసన ఉత్కియాగ్విక్ అని ఊరుంది. స్కూల్లో అట్లాసులో బారో అని చూసుంటావే, అదే. 2016లో వాళ్ల పాత పేరు మళ్లీ పెట్టుకున్నారు. అక్కణ్ణించి తూర్పుగా 40 కిలోమీటర్లు వెళ్తే కూపర్ దీవి వస్తుంది. దీవి అనగానే కొండలూ చెట్లూ ఊహించుకోకు. సముద్రంలో ఇసుకా గులకరాళ్లూ మేటవేసిన సన్నటి దిబ్బ అది. 1972లో జార్జ్ డివోకీ అనే పక్షి శాస్త్రవేత్త ఆ దిబ్బ మీద తిరుగుతూ, అమెరికా నౌకాదళం ఎప్పుడో వదిలేసి పోయిన చెక్కపెట్టెల కింద ఒక పక్షి గుడ్లు పెట్టి ఉండటం చూశాడు. పేరు బ్లాక్ గిల్లెమాట్. పావురమంత ఉంటుంది. ఒళ్లంతా నలుపు, రెక్క మీద తెల్ల మచ్చ, కాళ్లు ఎర్రగా మెరుస్తుంటాయి. నోరు తెరిస్తే లోపల కూడా ఎరుపే.

ఇవి మామూలుగా బండల సందుల్లో గూడు పెడతాయి. ఆ దిబ్బ మీద బండలెక్కడివి? అందుకని పెట్టెల కింద సర్దుకున్నాయి. డివోకీ మరికొన్ని పెట్టెల్నీ చెక్కల్నీ తిరగేసి వాటికి వీలుగా అమర్చాడు. 1975 నుంచి ప్రతి వేసవీ అక్కడే మకాం వేసి, పక్షుల కాళ్లకి రంగు రంగుల కడియాలు తొడిగి, ఏది ఎప్పుడు గుడ్డు పెట్టింది, ఏ పిల్ల బతికింది అని రాసుకోవడం మొదలుపెట్టాడు. మొదట్లో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని జంటలు. 1980ల చివరికి 200 జంటలు దాటాయి.

ఇక్కడే నీ మాట పనికొస్తుంది. గుడ్డు పెట్టి, పొదిగి, పిల్ల ఎగిరిపోయేదాకా ఈ పక్షికి నేల మీద మంచు లేని రోజులు సుమారు 80 కావాలి. వెనకటి కాలంలో అంత ఉత్తరాన అన్ని రోజులు దొరకడమే కష్టం. వేసవి కాస్త ముందొచ్చి కాస్త ఆలస్యంగా పోవడం మొదలయ్యాక సరిపోయాయి. అంటే చలి తగ్గడం వల్లే వాటికక్కడ బతుకుదెరువు దొరికింది. డివోకీ వెళ్లింది వాతావరణం మార్పు చూడ్డానికి కాదులే. పక్షుల సంసారం లెక్కలు రాసుకుందామని వెళ్లాడు. చాలా ఏళ్ల తర్వాత ఆ నోట్‌బుక్కులన్నీ ముందేసుకుని చూస్తే, మొదటి గుడ్డు పెట్టే తేదీ ఏళ్లు గడిచేకొద్దీ ముందుగానే వచ్చేస్తోందని తేలింది. ఆర్కిటిక్ వేడెక్కుతున్న సంగతి పక్షుల జాతకాల్లో దొరికిందన్నమాట!

ఇంతవరకూ బాగానే ఉంది. తర్వాత అదే వేడి సముద్రం మీద పడింది.

ఈ పక్షి పిల్లలకి పెట్టే తిండి ఆర్కిటిక్ కాడ్ అనే చిన్న చేప. మంచి కొవ్వున్న చేప. అది ఉండేది తేలే మంచు కింద. ఆ మంచు అడుగున నాచు పడుతుంది, నాచుని తినే రొయ్యల్లాంటి చిన్న జీవులుంటాయి, వాటికోసం ఈ చేపలు చేరతాయి. వెనక ఆగస్టులో కూడా మంచు దీవికి దగ్గర్లోనే ఉండేది. తల్లో తండ్రో ఎగిరి వెళ్లి చేపని ముక్కున అడ్డంగా కరుచుకుని వచ్చేసేది. ఒక విడతకి ఒక్క చేపే సుమా! ఇప్పుడు పిల్లలు బాగా తినే రోజులకే మంచు ఎక్కడికో జరిగిపోతోంది. దూరం పెరిగితే రోజుకి తెచ్చే చేపలు తగ్గుతాయి. అవీ దొరక్కపోతే ఒడ్డు దగ్గరుండే స్కల్పిన్ అనే చేపని తెస్తాయి. మన జెల్ల ఉంటుందే, అలాగే తలంతా ఎముకా ముళ్లూను. చేతికి కాస్త పెద్దదే కానీ అందులో కండ తక్కువ, పిల్ల గొంతు దిగదు. గూట్లో సాధారణంగా రెండు పిల్లలు. తిండి చాలకపోతే ముందు పుట్టింది లాక్కుతింటుంది, రెండోది ఎండిపోయి చస్తుంది. బరువు తూచడానికని పెట్టె ఎత్తి చూసే మనిషికి అది వారం వారం కళ్లముందే జరుగుతుంది. నా వల్ల కాదురా ఆ పని.

ఇవి చాలవన్నట్టు పఫిన్లనే ఇంకో రకం సముద్రపు పక్షులు దిగాయి. ఇవి అక్కడికి ఇంకాస్త దక్షిణాన ఉండే రకం. నీళ్లు వేడెక్కే కొద్దీ పైకొచ్చి, గిల్లెమాట్ల పెట్టెల్లో దూరి గుడ్లనీ పిల్లల్నీ పాడుచేశాయి. ఇక ఎలుగుబంట్లు. తెల్ల ఎలుగుబంటి మంచు మీద ఉండి సీల్‌ని వేటాడే జంతువు. కాళ్ల కింద మంచు లేకపోతే అదెక్కడికి పోతుంది, ఒడ్డెక్కుతుంది. 2002లో వచ్చి డివోకీ గుడారం చింపేశాయి. అన్నేళ్లు గుడారంలో పడుకున్న మనిషి ఆ తర్వాత చెక్క గది కట్టుకున్నాడు. పక్షులకి గదుల్లేవుగా, ఎలుగులు చెక్కపెట్టెల్ని తిరగేసి పిల్లల్ని తినేశాయి. 2011లో పెట్టెలన్నీ తీసేసి, ఎలుగు విప్పలేని గట్టి ప్లాస్టిక్ పెట్టెలు పెట్టాడు. అవి పనిచేశాయి. ఎలుగుల బెడద చాలావరకు తీరింది.

అయినా పక్షులు తగ్గుతూనే ఉన్నాయి. ఎందుకంటే ఇది చలికాలంలోనూ వెచ్చటి ఊళ్లకి పోయే రకం కాదు, మంచు అంచున తెరిపి ఉన్నచోట చేపలు పట్టుకుంటూ గడుపుతుంది. ఆ మంచు ఆలస్యంగా కట్టి పల్చబడితే శీతకాలం కూడా గండమే. శరదృతువులో వెళ్లినవాటిలో కొన్ని వసంతంలో తిరిగి రావు. పైగా కూపర్ దీవి మొదట్నుంచీ బయటి నుంచి వచ్చి చేరే పక్షుల మీద ఆధారపడింది, ఆ రాకా తగ్గింది. 200 పైన ఉన్న జంటలు ఇప్పుడు కొద్ది పదుల్లో ఉన్నాయి.

ఒక్క సంగతి నన్ను మండిస్తుంది. నిధులు ఆగిపోయాక డివోకీ ఎన్నో వేసవులు చేతి డబ్బుతో వెళ్లాడు. పదేళ్లకే మానేసి ఉంటే కాగితం మీద ఏముండేది? "ఆర్కిటిక్‌లో గిల్లెమాట్లు దివ్యంగా పెరుగుతున్నాయి" అని! నువ్వు ఫోన్‌లో అన్నదే. మూడేళ్ల ప్రాజెక్టులకి డబ్బిచ్చేవాళ్లకి ఈ లెక్క ఎవరు చెప్తారు?

దక్షిణ ధ్రువం వైపు ఇంకో కథ, అది నీ శాటిలైట్ బొమ్మల పనికి దగ్గర. ఎంపరర్ పెంగ్విన్లు చాలావరకు నేల మీద కాకుండా తీరానికి అతుక్కున్న సముద్రపు మంచు మీదే గుడ్లు పెడతాయి. ఆ మంచు డిసెంబరు దాకా నిలవాలి, అప్పటిగ్గానీ పిల్లకి నీళ్లు ఇంకని ఈకలు రావు. అంటార్కిటికాలో హేలీ బే దగ్గర ప్రపంచంలోనే రెండో పెద్ద గుంపు ఉండేది. 2016లో మంచు ముందే విరిగిపోయి ఆ ఏటి పిల్లలన్నీ పోయాయి. తర్వాతి రెండేళ్లూ అంతే. పెద్ద పక్షులు కొన్ని పక్కనున్న డాసన్-లాంబ్టన్ గుంపులోకి చేరాయి. 2022లో అంటార్కిటికా పక్కనే ఉన్న బెల్లింగ్స్‌హౌజెన్ సముద్రం వైపు చూసిన ఐదు గుంపుల్లో నాలుగింటికి ఒక్క పిల్లా దక్కలేదు. ఇదంతా బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వే వాళ్లు ఆకాశం నుంచే కనిపెట్టారు. పక్షులు కనపడవు, వాటి రెట్ట తెల్లటి మంచు మీద గోధుమ రంగు మరకలా కనపడుతుంది. మరక పోయిందీ అంటే గుంపు పోయినట్టు.

నా సందేహం ఇదీ. సెంటినెల్-2 ఉపగ్రహం తీసే బొమ్మలో ఒక్కో గడి 10 మీటర్లు కదా. మరక ఉందో లేదో సరే, ఎన్ని పక్షులున్నాయో దాన్నిబట్టి ఎలా కడతారు? రెట్ట పాతదో కొత్తదో తెలిసే దారి ఏమైనా ఉందా? మీ ఆఫీసులో తెలిసినవాళ్లుంటే కనుక్కుని వివరంగా రాయి. ఫోన్‌లో చెప్పకు, నాకు గుర్తుండదు. చెల్లెమ్మనీ పిల్లల్నీ అడిగానని చెప్పు.

నీ
సత్యం