9వ రోజున ఊడిన బూటు అడుగు: మీ తిరస్కరణపై మరోసారి ఫిర్యాదు

విషయం: నడక బూట్ల అడుగుభాగం లోపలినుంచి పొడిగా రాలిపోవడం, దాన్ని ‘సాధారణ అరుగుదల’ అంటూ మీరు వారంటీ నిరాకరించడం గురించి.

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

నమస్కారం.

నా ఫిర్యాదుకు మీ విభాగం నుంచి మూడు ముక్కల జవాబు వచ్చింది: ఫోటోలు పరిశీలించాం, వాడకం వల్ల వచ్చిన సాధారణ అరుగుదల, వారంటీ వర్తించదు. ఆ ఫోటోలు సరిగ్గా చూసిన వాళ్లెవరూ అలా రాయరని నా నమ్మకం. అందుకే ఆ రోజు జరిగింది జరిగినట్టు ఈసారి మొదటినుంచి రాస్తున్నాను. ఉత్తరం పెద్దదే అవుతుంది. దయచేసి చివరిదాకా చదవండి.

నేను పెట్టుకున్నది 14 రోజుల నడక. ఈ బూట్లు ఏడు నెలల కిందట కొత్తవిగా కొన్నాను. కొత్త బూట్లతో నేరుగా దూరప్రయాణానికి దిగితే బొబ్బలు తప్పవు కాబట్టి, కాలికి అలవాటు పడాలని రెండు నెలలపాటు వారానికోసారి ఎనిమిదీ పదీ కిలోమీటర్లు నడిచాను. అసలు నడకలో మొదటి ఎనిమిది రోజులకు అయింది 160 కి.మీ. అంతా కలిపినా 240 దాటదు. ఇలాంటి బూట్లతోనే వెయ్యి కిలోమీటర్లు దాటినవాళ్లు నాకు తెలుసు.

9వ రోజు దారి 22 కి.మీ., ఎక్కుడు 900 మీటర్లు. కొండదారుల్లో నడిచేవాళ్లు 1892 నుంచీ వాడుతున్న నైస్మిత్ లెక్క మీకు తెలిసే ఉంటుంది: 5 కి.మీ.కు ఒక గంట, ఆపైన ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. ఆ లెక్కన ఆరు గంటల పని. పొద్దున్నే ఆరింటికి డేరా మడిచి బయల్దేరాను. ఆకాశం తేటగా ఉంది, కాళ్లలో నొప్పి లేదు. ఆ ఎనిమిది రోజుల్లోనూ అంత హాయిగా మొదలైన ఉదయం లేదు.

ఏడో కిలోమీటరు దగ్గర ఎడమ కాలి కింద ఏదో జిగటగా అంటుకున్నట్టనిపించింది. బురదేమో అనుకుని రాతికి రాసి ముందుకు నడిచాను. నాలుగడుగులు వేసేసరికి టపటపమని చప్పుడు. వంగి చూస్తే మడమ దగ్గర రబ్బరు అట్ట ఊడి నోరు తెరుచుకుని ఉంది. బూటు విప్పి ఒళ్లో పెట్టుకున్నాను. రబ్బరుకూ పైతోలుకూ మధ్య ఉండే నురగను బొటనవేలితో నొక్కితే, తడిసిన సుద్దముక్కలా నలిగి గోరు సందులో పేరుకుంది. స్పాంజిలా మళ్లీ పైకి లేవాల్సిన పదార్థం అది. లేవలేదు. కింది రబ్బరు మీది గళ్లు మాత్రం చెక్కుచెదరలేదు. నడిమి వంపులోనైతే అచ్చు పోసినప్పుడు మిగిలే సన్నటి రబ్బరు పోగులు కూడా ఇంకా అలాగే ఉన్నాయి. నేను మీకు పంపిన మూడో ఫోటో అదే. అరుగుదల అంటే నేలకు తగిలేది అరగాలి కదా? నేలకు తగిలిన రబ్బరు కొత్తగా ఉంది. నేలను ఎన్నడూ తాకని నురగ పొడైపోయింది.

చేతికర్రకు ఎప్పుడూ కొంత గట్టి టేపు చుట్టి ఉంచుకుంటాను. అదంతా విప్పి బూటుకు ఆరు చుట్లు చుట్టాను. రెండు కిలోమీటర్లు ఆగింది. తరువాత వాగు దాటాల్సి వచ్చింది. నీళ్లు మోకాలి కిందే, కానీ అడుగున రాళ్లు. తడికి టేపు పట్టు వదిలింది, అట్ట ఊడి నీళ్లలో కొట్టుకుపోయింది. అవతలి ఒడ్డున కూర్చుని డేరా తాళ్లలో అదనంగా ఉన్నదాన్ని తీసి, రాళ్ల మీద కాస్త పట్టు ఉంటుందని బూటు చుట్టూ అడ్డంగా కట్టుకున్నాను. ప్రతి అరగంటకూ రాళ్ల రాపిడికి తాడు తెగేది, ఆగి మళ్లీ ముడివేసేదాన్ని. పదమూడో కిలోమీటరు దగ్గర కుడి బూటు కూడా మొదలుపెట్టింది. ఒక కాలిదైతే ఎక్కడో రాయికి తగిలి ఊడిందని మీరు అనొచ్చు. రెండు కాళ్లవీ ఒకే పూట, ఒకే చోట నుంచి విడిపోయాయి.

అప్పటికి పొగమంచు దిగింది. దిగుడు దారి, తడి బండలు. పట్టు లేని అడుగుతో ఎడమ కాలు జారింది, చీలమండ మడతపడింది, కింద పడ్డప్పుడు చేతికర్ర విరిగింది. లేవబోతే కాలు మోపలేకపోయాను. ఫోనుకు సిగ్నల్ లేదు. పదడుగుల అవతల ఏముందో కనబడని పొగమంచులో, ఒంటరిగా, చెమట ఆరిన బట్టలతో బండ మీద కూర్చున్నాను. నాకు నిజంగా భయమేసింది. అది దాచాలని నాకు లేదు. ఉన్న బట్టలన్నీ తొడుక్కుని ఈల తీశాను. ఆపదలో నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరుసార్లు ఊదాలి. విన్నవాళ్లు నిమిషానికి మూడు ఈలలతో బదులివ్వాలి. ఏళ్ల కిందట నేర్చుకున్న ఈ పద్ధతి నాకు అక్కరకు వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. నాలుగో విడత ఊది ఆగాక, పైనుంచి సన్నగా వినిపించింది. ఒకటి. రెండు. మూడు. నాకు ఏడుపొచ్చింది.

వచ్చింది ఒక పెద్దాయన, ఆయన కూతురు. వాళ్లు నాకంటే ముందు బయల్దేరినవాళ్లే. పొగమంచులో దారి చీలిన చోట పొరబడి, తప్పు దారిలో చాలా దూరం వెళ్లి వెనక్కి వస్తున్నారట. “మేం దారి తప్పకపోతే ఈపాటికి గమ్యం చేరిపోయేవాళ్లం, నీ ఈల మాకు వినబడేదే కాదు” అన్నాడాయన. నేను లేవబోతే “కదలకమ్మా, ముందు కాలు చూడనీ” అని పక్కనే కూర్చుని, బూటు విప్పించి, బ్యాండేజీతో మడమ నుంచి పైదాకా గట్టిగా కట్టు కట్టాడు. ఆ అమ్మాయి తన సంచిలోంచి సాయంత్రాలు వేసుకునే వార్ల చెప్పులు తీసి ఇచ్చింది. నాకు ఒక సైజు పెద్దవి, రెండు జతల మేజోళ్లతో సరిపోయాయి. “మీరు నడవండక్కా, బరువు సంగతి మేం చూసుకుంటాం” అంటూ నా డేరా, నీళ్లు తన వీపు సంచిలోకి మార్చుకుంది. మిగిలిన ఎనిమిది కిలోమీటర్లూ ఆయన చేతికర్ర సాయంతోనే నడిచాను. చేరేసరికి సాయంత్రం ఆరున్నర. ఆరు గంటల దారికి పన్నెండున్నర గంటలు పట్టింది.

మర్నాడు నడక మానేశాను. చీలమండ దగ్గర లిగమెంటు బెణికిందని, మూడు వారాలు కాలికి పని చెప్పొద్దని డాక్టరు అన్నారు. ఏడాదిగా కూడబెట్టుకున్న సెలవులతో పెట్టుకున్న నడకలో ఐదు రోజులు మిగిలిపోయాయి.

ఇప్పుడు అసలు విషయం. ఈ నురగ పాలియురేథేన్ అని మీ పెట్టె మీదే రాసి ఉంది. బరువు మోసినా త్వరగా అణిగిపోదు కాబట్టే దాన్ని వాడతారని నాకు తెలుసు, ఆ కారణంతోనే ఈ బూట్లు ఎంచుకున్నాను కూడా. అయితే దీనిలో ఈస్టర్ రకానికి ఒక బలహీనత ఉంది. గాలిలోని తేమ దాని రసాయన బంధాలను మెల్లమెల్లగా తెంపుతుంది. జలవిశ్లేషణ అంటారు. బంధాలు తెగినప్పుడు పుట్టే ఆమ్లం మిగతావి తెగడాన్ని ఇంకా తొందరపెడుతుంది. వేడి, తేమ ఎక్కువున్న చోట వేగం పెరుగుతుంది. బూటు ఒక్కడుగు వేయకపోయినా, పెట్టెలో ఉన్నదున్నట్టే ఉన్నా ఇది ఆగదు. పైకి మాత్రం ఏమీ తెలియదు, తొడిగి బరువు మోపిన రోజునే బయటపడుతుంది. ఈథర్ రకం తేమను చాలా బాగా తట్టుకుంటుంది. ఇవన్నీ బూట్లు తయారుచేసే మీకు నాకంటే బాగా తెలుసు. తెలిసే దీన్ని అరుగుదల అన్నారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఆ మాటే.

బూటు నాలుక లోపలి చీటీ మీద చిన్న అక్షరాల్లో ఒక కోడ్ ఉంది. దాని అర్థమేమిటని మీ ప్రతినిధిని ఫోనులో మూడుసార్లు అడిగితే, చివరికి తయారీ నెల, సంవత్సరం చెప్పారు. నేను కొనేనాటికే ఆ బూట్ల వయసు ఐదేళ్ల నాలుగు నెలలు! అదే ఫోనులో ఆ ప్రతినిధి, బహుశా మీరు తేమలో దాచి ఉంటారు అన్నారు. నా దగ్గర ఉన్నది ఏడు నెలలే. మిగతా ఐదేళ్ల పైచిలుకు మీ గోదాముల్లో, మీ అమ్మకందారుల అరల్లో ఉన్నాయి. అక్కడ ఎంత వేడి, ఎంత తేమ ఉందో నన్నెలా అడుగుతారు?

కారు టైరు పక్కన అచ్చుపోసిన కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూస్తే అది ఎప్పుడు తయారైందో ఎవరైనా చెప్పగలరు. 2319 అని ఉంటే 2019లో 23వ వారం. రబ్బరుకూ వయసు ఉంటుంది, అది ఎంతో కొనేవాడికి అలా తెలుస్తుంది. మనిషిని కొండ మీద నిలబెట్టే బూటుకు ఆ మాత్రం ఎందుకు ఉండకూడదు? మీ వారంటీ బిల్లు తేదీ నుంచి రెండేళ్లు. నురగ మాత్రం తయారైన రోజు నుంచే కరిగిపోవడం మొదలుపెడుతుంది. ఈ రెండు తేదీల మధ్య దూరాన్ని మీరు కొనేవాడి కంటికి కనబడనివ్వడం లేదు.

మీ జవాబులో ఇంకో వాక్యం ఉంది: ‘మీరు క్షేమంగా చేరినందుకు సంతోషం.’ నేను చేరింది ఇద్దరు మనుషులు దారి తప్పడం వల్ల, ఒక అమ్మాయి సంచిలో అదనంగా చెప్పులు ఉండటం వల్ల, పొగమంచు ఈల శబ్దాన్ని ఆపలేకపోవడం వల్ల. వీటిలో ఏ ఒక్కటీ మీరు సమకూర్చింది కాదు. నా క్షేమాన్ని మీ తప్పు తగ్గించి చూపడానికి వాడుకోవద్దని గట్టిగా కోరుతున్నాను.

నాకు కావలసినవి చెబుతాను. బూట్ల పూర్తి ధర, డాక్టరు ఖర్చు (రసీదులు జతచేశాను) తిరిగి ఇవ్వండి. మరో జత బూట్లు ఇస్తామంటే నాకు అక్కర్లేదు. ‘సాధారణ అరుగుదల’ అన్న మాటను రాతపూర్వకంగా వెనక్కి తీసుకోండి. ఇక మీదట తయారీ నెల, సంవత్సరం పెట్టె మీద, బూటు మీద మామూలు మనిషి చదవగలిగేలా ముద్రించండి. అన్నిటికంటే ముందు, నావి తయారైన నెలలో తయారై ఇంకా దుకాణాల్లో ఉన్న జతలన్నీ వెనక్కి రప్పించండి. వాటిలో ఒక జతను ఎవరో ఈ వారమే కొని, వచ్చే నెల కొండ దారి పట్టొచ్చు. దీనికి మాత్రం నా డబ్బు సంగతి తేలేదాకా ఆగకండి.

ఈ ఉత్తరంతో పాటు కుడి బూటు పంపుతున్నాను, దాని రబ్బరు అట్ట తాడుతో కట్టే ఉంది. రాలిన నురగ పొడి విడిగా కాగితం పొట్లంలో ఉంది. ప్రయోగశాలలో పరీక్ష చేయించి, ఆ నివేదిక ప్రతి నాకు పంపండి. ఎడమ బూటు నా దగ్గరే ఉంచుకుంటున్నాను. 15 రోజుల్లో రాతపూర్వక జవాబు రాకపోతే దాన్ని వినియోగదారుల కమిషన్ ముందు పెడతాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారు

జతపరచినవి: బిల్లు నకలు, ఏడు ఫోటోలు, నాలుక లోపలి చీటీ ఫోటో, డాక్టరు రసీదులు, మీ తిరస్కరణ ఉత్తరం నకలు